బొమ్మల బడి: చెడ్డ సినిమాల్లోని మంచి రాక్షసులు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిత్రకళ ఎక్కడా నేర్చుకోలేదు గానీ, హారర్ సినిమాలు చూసి వాటిలోని విలన్లను నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకోవడం నాకు ఇష్టమైన కాలక్షేపం. పేరున్న సినిమాలే కాక, అందరూ నవ్వుకునే పాత సినిమాల్లోని రాక్షసులను కూడా గీస్తాను. నిజానికి వాటినే ఎక్కువగా గీయాలనిపిస్తుంది. "అంత పనికిమాలిన సినిమాకు ఇంత శ్రమ ఎందుకురా?" అని మా అన్నయ్య అడుగుతున్నాడు. ఈ అలవాటు వల్ల చేయి తిరుగుతుందా, పాడవుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పకుండా తిరుగుతుంది. సినిమా బాగా లేకపోవడం వేరు, అందులోని రాక్షసుడి రూపం బాగా లేకపోవడం వేరు. కథ, నటన, కూర్పు, వెలుతురు అన్నీ దెబ్బతిన్న సినిమాలో కూడా ఒక రూపం వెనక గట్టి ఆలోచన ఉండవచ్చు. ప్రేక్షకుడికి ఆ ఆలోచన కనిపించకుండా సినిమా అడ్డుపడుతుంది. గీసేవాడు ఆ అడ్డు తొలగించగలడు.

1953లో అమెరికాలో వచ్చిన 'రోబో మాన్‌స్టర్' అనే సినిమానే తీసుకోండి. దర్శకుడు ఫిల్ టక్కర్‌కు ఒక రోబో కావలసి వచ్చింది. రోబో దుస్తులకు అయ్యే ఖర్చు ఆయన తాహతుకు మించినది. జార్జ్ బారోస్ అనే నటుడికి సొంతంగా గొరిల్లా దుస్తులు ఉన్నాయని తెలిసి, ఆయనకు అవే తొడిగి, తల మీద సముద్రంలో దిగేవాళ్లు పెట్టుకునేలాంటి శిరస్త్రాణం బోర్లించి, దానికి యాంటెనాలు తగిలించారు. ఆ రూపాన్ని చూసి ప్రపంచం ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. కానీ దాన్ని కాగితం మీదికి తెచ్చి చూడండి. మెడ కింద అంతా బొచ్చు, వాలిన భుజాలు, బరువైన చేతులు. మెడ పైన నున్నటి, గట్టి గుండు, అందులో ముఖమే లేదు. బొచ్చును మొద్దుబారిన 4బి (మెత్తటి, నల్లటి గీత పడే) పెన్సిలుతో, తెగిపోయే చిన్న గీతలతో వేయాలి. భుజం దగ్గరా మోచేతి దగ్గరా బొచ్చు వాలు మారుతుంది గనుక గీత వాలు కూడా మారాలి. శిరస్త్రాణానికి మాత్రం హెచ్‌బి పెన్సిలు బాగా చెక్కి, ఎక్కడా ఆగకుండా ఒకే గీతతో చుట్టూ తిరిగి, మెరుపు పడే చోట కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. మెత్తనిదీ గట్టిదీ ఒకే శరీరంలో, ఒకే గీత దగ్గర కలుసుకునే ఇలాంటి అభ్యాసం మంచి చిత్రకళా పాఠశాలలో దొరికే పాఠానికి ఏమీ తీసిపోదు. సినిమాలో ఆ జీవి మిట్టమధ్యాహ్నపు ఎండలో కొండ రాళ్ల మధ్య నిలబడి ఉండటం వల్ల బొచ్చు కాస్తా కుట్టిన గుడ్డలా కనిపించింది. మీ పుటలో ఎండ ఎటు నుంచి రావాలో మీరే నిర్ణయిస్తారు. ఒక పక్క నుంచి సన్నటి వెలుగు మాత్రమే పడనివ్వండి, ఆ జీవికి దక్కవలసిన గాంభీర్యం దక్కుతుంది.

ఇంకో ఉదాహరణ ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్'. 1980లో వచ్చిన ఒక అమెరికన్ పుస్తకం దీన్ని అన్ని సినిమాల్లోకీ చెడ్డ సినిమాగా ఎంచింది. డ్రాకులాగా ప్రసిద్ధుడైన బేలా లుగోసీ 1956 ఆగస్టులో చనిపోయాక, ఆయనతో అంతకుముందు తీసిన కొద్దిపాటి దృశ్యాలను వాడుకుని, మిగిలిన చోట్ల టామ్ మేసన్ అనే వ్యక్తిని నిలబెట్టారు. ఆయన వృత్తిరీత్యా వెన్నెముక వైద్యుడు. పోలికలు లేవు గనుక నల్లటి పైవస్త్రంతో ముఖం కప్పుకుని నడిచాడు. మనిషి మారాడని ప్రేక్షకులు ఇట్టే పసిగట్టేశారు. చిత్రకారుడికి మాత్రం ఇందులో విలువైన సంగతి ఉంది. ముక్కు, నోరు, గడ్డం ఏవీ లేకుండా కళ్లు, నుదురు, ఒక గుడ్డ అంచు మాత్రమే మిగిలినప్పుడు ఆ మనిషి ఎవరో ఎలా చెప్పాలి? ఆ బొమ్మను అగ్గిపెట్టె కన్నా పెద్దగా వేయకండి. అంత చిన్న జాగాలో గుడ్డ అంచు పడే వంపు ఒక్కటే కథ అంతా మోయవలసి వస్తుంది.

1957 నాటి 'ది జెయింట్ క్లా' గురించి కూడా చెప్పాలి. అందులో భూమి మీదికి వచ్చిన ఒక మహాపక్షిని చూసి మనుషులు వణికిపోతారు. పొడవాటి మెడ, ఉబ్బిన కళ్లు, నెత్తిన కుచ్చు జుట్టు ఉన్న కీలుబొమ్మను పక్షిగా చూపించారు. చిత్రీకరణ సమయంలో ఆ బొమ్మను తాము చూడనే లేదని, థియేటర్లో చూసి సిగ్గుపడ్డామని కథానాయకుడు జెఫ్ మారో తరువాత చెప్పాడు. నటుల ముఖాల్లో మాత్రం భయం నిజాయతీగా ఉంటుంది. వాళ్లు ఏ పక్షిని ఊహించుకుని అంతగా భయపడ్డారో ఆ పక్షిని గీయండి. యుద్ధనౌక అంత పెద్దదని సినిమాలో పదేపదే అంటారు, ఆ పరిమాణాన్ని అలాగే తీసుకోండి.

మీకు చెడ్డ సినిమాలే ఎక్కువ గీయాలనిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. గొప్ప సినిమాలో వెలుతురు, కోణం, చూపు అన్నీ ఎవరో అప్పటికే తీర్చిదిద్ది పెట్టారు గనుక మనకు నకలు రాయడమే మిగులుతుంది. విఫలమైన సినిమా చిత్రకారుడికి పని మిగిల్చి పెడుతుంది. మీ అన్నయ్యకు సినిమా చూపించకుండా ముందు బొమ్మ చూపించండి.

ప్రశ్న: నేను ఎంత భయంకరంగా గీయాలనుకున్నా నా విలన్లు హాస్యపాత్రల్లా వస్తున్నారు. కోరలు, రక్తం, పెద్ద కళ్లు అన్నీ పెడుతున్నాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అన్నీ పెట్టడంలోనే ఉందమ్మా. ముందు కళ్ల సంగతి చూద్దాం. నల్లగుడ్డు చుట్టూ తెల్లగుడ్డు అంతా కనిపించేలా కళ్లు పెద్దవి చేస్తే, ఆ ముఖం భయపడినట్లు ఉంటుంది గానీ భయపెట్టినట్లు ఉండదు. భయపెట్టేవాడి కనుబొమలు కిందికి దిగుతాయి, పైరెప్ప బరువుగా వాలుతుంది. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్'లో, శవాల భాగాలతో కూర్చిన రాక్షసుడిగా వేసిన బోరిస్ కార్లాఫ్ ముఖాన్ని దగ్గరగా చూడండి. రూపాలంకరణ నిపుణుడు జాక్ పియర్స్ రోజూ దాదాపు నాలుగు గంటలు కూర్చుని ఆ ముఖాన్ని తయారుచేసేవాడు. అంత చేశాక కూడా తన కళ్లు మరీ చురుగ్గా, అంతా తెలిసినవాడి కళ్లలా ఉన్నాయని కార్లాఫ్‌కు అనిపించింది. అప్పుడు పైరెప్పల మీద మైనం అద్ది వాటిని కిందికి వాల్చారు. కార్లాఫ్ తన కట్టుడు పళ్లను తీసేయడంతో ఒక పక్క చెంప లోపలికి పోయింది, దాని కింద నీడ సహజంగా పడింది. తల పైభాగం బల్లపరుపుగా ఎందుకుందంటే, మెదడును లోపల పెట్టడానికి శస్త్రవైద్యుడు పుర్రెను అడ్డంగా కోసి మూతలా తెరిచి ఉంటాడని పియర్స్ ఊహించాడు. అంటే ఆ ముఖంలోని ప్రతి గుర్తుకూ ఒక కారణం ఉంది. మీ బొమ్మలో కోరలు ఎందుకున్నాయో మీరు చెప్పలేకపోతే వాటిని తీసేయండి.

రెండోది వెలుగు. మనం ముఖాలను పైనుంచి పడే వెలుగులో చూడటానికి అలవాటుపడ్డాం. వెలుగు కింది నుంచి పడితే గడ్డం, ముక్కుపుటాల అడుగు, కనుబొమల కింది గట్టు వెలిగిపోయి, బుగ్గల పైభాగం, నుదురు చీకట్లోకి వెళతాయి. తెలిసిన ముఖం కూడా పరాయిదైపోతుంది. అద్దం ముందు కూర్చుని, సెల్‌ఫోను టార్చిని గడ్డం కింద పెట్టుకుని మీ ముఖాన్నే గీయండి. ఆ నీడలు చేతికి అలవాటయ్యాక ఏ విలన్‌కైనా వాడుకోవచ్చు. కంటిలో వేసే చిన్న తెల్లచుక్క గురించి కూడా ఒక మాట. ఆ మెరుపు ఉన్నంతవరకు కన్ను బతికి ఉంటుంది. దాన్ని 6బి పెన్సిలుతో మూసేసి చూడండి, చూపు చచ్చిపోతుంది. చనిపోయి లేచిన పాత్రలకు ఈ ఒక్క మార్పు చాలు.

మూడోది ఆకృతి. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు'లో రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్ మెట్లెక్కుతుంటే మనకు కనిపించేది గోడ మీద నీడే. వంగిన వీపు, పొడవైన గోళ్లు, అంతే. నూరేళ్ల తరువాత కూడా ఆ నీడను ఎవరైనా గుర్తుపడతారు. అందుకని ముఖం మొదలుపెట్టేముందు, రెండంగుళాల గడుల్లో నల్ల ఇంకుతో నింపిన నీడబొమ్మలు నాలుగైదు వేయండి. లోపల ఏమీ గీయకుండానే ఎవరో తెలిసిపోతున్న నీడబొమ్మను ఎంచుకుని దాన్ని పెద్దది చేయండి. ఈ మెట్టు దాటకుండా చర్మపు ముడతల్లోకి దిగకండి.

ప్రశ్న: నాకు హారర్ అంటే ప్రాణం. కానీ మా తమ్ముడికి చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ముఖం మీద కాలిన మచ్చలు మిగిలాయి. కాలిన ముఖాల విలన్లను గీస్తున్నప్పుడు వాడు పక్కనే ఉంటే చేయి ఆడటం లేదు. గీయడం మానేయాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ చేయి ఆగడం మంచి సంగతి. ఆ సంకోచాన్ని పోగొట్టుకోవద్దు. హారర్ సినిమా మొదటినుంచీ గాయాన్నీ, జబ్బునూ చెడ్డతనానికి గుర్తుగా వాడుకుంటూ వచ్చింది. 1940ల్లో హాలీవుడ్‌లో రోండో హ్యాటన్ అనే నటుడు ఉండేవాడు. ఆక్రోమెగలీ అనే జబ్బు వల్ల ఆయన ముఖపు ఎముకలు పెరిగిపోయాయి. రూపాలంకరణ అవసరం లేని రాక్షసుడు దొరికాడన్నట్లు ఆయనకు హంతకుడి పాత్రలు ఇచ్చి, ఆ ముఖాన్నే ప్రచారానికి వాడుకున్నారు. 1946లో ఆయన చనిపోయాడు. ఆయన బొమ్మ గీయాలనిపించిన ప్రతిసారీ నేను ఆయనను పాత్రగా కాక మనిషిగా, నేరుగా మన వైపు చూస్తున్నట్లు గీస్తాను.

గీయడం మానవలసిన అవసరం లేదు. భయానికి గాయం ఒక్కటే దారి కాదు. 1978 నాటి 'హాలోవీన్'లో హంతకుడు పెట్టుకున్న ముసుగుకు గాయం లేదు, కోపం లేదు, ఏ భావమూ లేదు. రూపకర్త టామీ లీ వాలెస్ రెండు డాలర్ల లోపు ధరకు కొన్న ఒక టీవీ కథానాయకుడి రబ్బరు ముసుగు అది. కనుబొమలు పీకేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు పూశారు. భావం లేని తెల్లదనాన్ని గీయడం కాలిన చర్మాన్ని గీయడం కన్నా చాలా కష్టం, ఎందుకంటే దాక్కోవడానికి అక్కడ ముడతలు ఉండవు. నిలబడిన తీరు, తల వంచిన కోణం, తలుపు చట్రంలో వదిలిన ఖాళీ, వీటితోనే భయం పుట్టించాలి. ఈ దారిలో కొన్నాళ్లు వెళ్లండి. మీ తమ్ముడు పక్కన కూర్చున్నా చేయి ఆగదు. కుదిరితే వాడి బొమ్మ కూడా ఒకటి గీయండి, మచ్చలు దాచకుండా, వాడు నవ్వుతున్నప్పుడు.

ప్రశ్న: మన సినిమాల్లో గీయదగ్గ హారర్ విలన్లు ఉన్నారా? అన్నీ విదేశీ ఉదాహరణలే చూస్తున్నాం.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: లేకేం. 2009లో వచ్చిన 'అరుంధతి'లో సోనూ సూద్ వేసిన పశుపతిని మరిచిపోయిన తెలుగువాళ్లు అరుదు. అయితే ఆ పాత్రను గీసిన చాలామంది యువకుల బొమ్మల్లో ఏదో వెలితి కనిపిస్తుంది. సగం పశుపతి రవిశంకర్ డబ్బింగ్ గొంతులో ఉన్నాడు. కాగితానికి గొంతు లేదు. అందుకని ఆ గొంతు చేసిన పనిని గీత చేయాలి. నోరు తెరిచినప్పుడు దవడ కిందికి జారడం, మెడనరాలు తాళ్లలా బిగుసుకోవడం, పెదవి ఒక పక్కకే లాగుకుపోవడం, వీటిని గీయండి. నోరు మూసుకున్న పశుపతి బొమ్మ ఎంత పోలిక కుదిరినా మామూలు మంత్రగాడిలా మిగిలిపోతుంది.

హిందీలో రామ్సే సోదరులు 1984లో తీసిన 'పురానా మందిర్' మీకు నచ్చుతుంది. విమర్శకులు ఆ కుటుంబం సినిమాలను చాలాకాలం చిన్నచూపు చూశారు గానీ, అందులో సామ్రీ అనే రాక్షసుడి వేషం వేసిన అనిరుధ్ అగర్వాల్ నిలువెత్తు ఆకారం, లోతైన కళ్లు, పొడుగాటి ముఖం భారతీయ హారర్‌కు దొరికిన గొప్ప రూపాల్లో ఒకటని నా అభిప్రాయం. ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఆయన ముఖాన్ని సాగదీసి కార్టూను చేయకండి. ఉన్నది ఉన్నట్లు గీసి, పక్కన ఒక తలుపును చిన్నదిగా గీయండి. ఎత్తు దానంతటదే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఎప్పుడు చూసినా దయ్యాలు, పిశాచాలు, కోరల మనుషుల బొమ్మలే వేస్తున్నాడు. చుట్టాలు చూసి "పిల్లాడికి ఏమైనా పట్టిందేమో" అంటున్నారు. ఆపించాలా అండీ?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఆపించకండి అమ్మా. మన ఇళ్లలో తరాల పిల్లలు 'చందమామ'లో శంకర్ గారు వేసిన బేతాళ కథల బొమ్మను చూస్తూ పెరిగారు. ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, అయినా ఆ రాజు అడుగు తడబడదు. ఆ బొమ్మను చూసి భయపడినవాళ్లే మళ్లీ మళ్లీ ఆ పుట తెరిచారు. పిల్లవాడు తనను భయపెట్టిన దాన్ని తన చేత్తో కాగితం మీద పెట్టినప్పుడు, దాని పరిమాణం ఎంతో, అది ఎక్కడ ఆగాలో వాడే నిర్ణయిస్తాడు.

ఆ వయసుకు తగని సినిమాలు చూస్తున్నాడా అన్నది మాత్రం వేరే ప్రశ్న, దాన్ని మీరు గట్టిగానే పట్టించుకోవాలి. నిద్ర చెడుతున్నా, భయపడుతున్నా, మనుషులకు దూరంగా ఉంటున్నా వైద్యులతో మాట్లాడండి. అవేవీ లేకపోతే వాడి పక్కన కూర్చుని "వీడు ఎక్కడుంటాడు? ఏం తింటాడు? వీడికి ఎవరంటే భయం?" అని అడగండి. చుట్టాలకు కూడా వాడినే జవాబు చెప్పనివ్వండి.

ప్రశ్న: నేను ట్యాబ్లెట్‌లో గీస్తాను. ఫ్రెడ్డీ క్రూగర్ స్వెట్టర్ రంగులు నా బొమ్మలో చప్పగా ఉంటున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: 1984 నాటి 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' దర్శకుడు వెస్ క్రేవెన్, ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే కంటికి ఇబ్బందిగా ఉంటుందని చదివి, తన విలన్ ఫ్రెడ్డీ చారల స్వెట్టర్‌కు ఆ రంగులు ఎంచుకున్నాడు. ఆ ఇబ్బంది రావాలంటే రెండు రంగుల ముదురుతనం దాదాపు సమానంగా ఉండాలి. మీ బొమ్మను ఒకసారి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. చారలు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తుంటే ఒక రంగు మరీ లేతగా ఉందన్నమాట. చారలు దాదాపు కలిసిపోయేదాకా సరిచేసి మళ్లీ రంగులోకి రండి, అంచులు కదులుతున్నట్లు అనిపిస్తాయి. చారల మధ్య నల్లగీత వేయకండి, అది రెండు రంగుల గొడవను ఆపేస్తుంది. ఇంకో చిన్న సంగతి: మొదటి సినిమాలో చేతులకు చారలు లేవు, అవి తరువాతి భాగంలో వచ్చాయి. ఏ సినిమా ఫ్రెడ్డీని గీస్తున్నారో ముందే అనుకోండి.

ప్రశ్న: నా బొమ్మలను టీషర్టుల మీద ముద్రించి అమ్మమని స్నేహితులు అంటున్నారు. అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సొంతానికి గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత ఉపయోగానికి చోటిచ్చింది. అమ్మకం వేరు. మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818 నాటిది గనుక అందులోని ప్రాణిని మీ ఊహ ప్రకారం గీసి అమ్ముకోవచ్చు. బల్లపరుపు తల, మెడకు ఇరువైపులా లోహపు మేకులు ఉన్న రూపం మాత్రం యూనివర్సల్ సంస్థ సినిమాది, దాని జోలికి అనుమతి లేకుండా వెళ్లకండి. మనం పైన మెచ్చుకున్న 'నోస్ఫెరాటు' కూడా ఈ చిక్కులో పడింది. బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాకులా'ను అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయన భార్య ఫ్లోరెన్స్ దావా వేయగా, ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో జర్మన్ కోర్టు తీర్పు ఇచ్చింది. కొన్ని ప్రతులు ఎలాగో తప్పించుకోబట్టి ఆ నీడను ఇవాళ చూడగలుగుతున్నాం.

అమ్మాలనుకుంటే మీ సొంత రాక్షసుడిని తయారుచేయండి. ముందుగా రెండంగుళాల నీడబొమ్మలు వేసి మాకు పంపండి, వచ్చే సంచికలో వాటి మీదే మాట్లాడుకుందాం.